నవ్వుతున్నా డిప్రెషనే కావచ్చు

డిప్రెషన్ అనగానే ఒంటరిగా కూర్చుని ఏడ్చే మనిషి గుర్తొస్తాడు. సినిమాలు అలవాటు చేసిన బొమ్మ అది. నిజానికి తీవ్రమైన డిప్రెషన్‌లో కొందరికి ఏడుపే రాదు. సంతోషంతో పాటు బాధ కూడా మొద్దుబారుతుంది. మెలాంకలిక్ అనే రకంలో ఇది బాగా కనిపిస్తుంది. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. పొద్దున పూట మరీ భారంగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపి ఇస్తుంది. ఆకలి చచ్చిపోతుంది, మాటా నడకా నెమ్మదిస్తాయి. మనవడు పుట్టాడన్న కబురుకి కూడా ముఖంలో కదలిక ఉండదు.

ఎటిపికల్ డిప్రెషన్ తీరు వేరు. ఎటిపికల్ అంటే మామూలు తీరుకి భిన్నమైనదని; ఆ పేరు చూసి అరుదైనదనుకోకండి. ఇందులో మంచి జరిగితే మనసు తేలికపడుతుంది; స్నేహితులొస్తే జోకులు కూడా పేలతాయి. వాళ్లు వెళ్లాక మళ్లీ మామూలే. తిండి, నిద్ర పెరుగుతాయి. కాళ్లూ చేతులూ సీసం పోసినట్టు బరువెక్కుతాయి. ఎవరైనా కాస్త పట్టించుకోకపోయినా రోజుల తరబడి గుచ్చుకుంటుంది. ఇంట్లోవాళ్లేమో "నిన్న పెళ్లిలో బాగానే నవ్వావుగా, ఇవాళేమైంది?" అంటారు. పాపం, ఆ నవ్వు నటన కాదు. నవ్వగలగడం ఈ రకం డిప్రెషన్ లక్షణాల్లోనే ఒకటి.

ఇక రెండేళ్లకు పైగా సన్నగా సాగే దిగులు ఉంటుంది. దాన్ని డిస్తీమియా అంటారు. మనవాళ్లు "వాడి స్వభావమే అంత" అని తేల్చేస్తారు.

చాలామంది డాక్టరు దగ్గరికి దిగులు పేరుతో వెళ్లరు. ఒళ్లు నొప్పులు, నీరసం, గుండెదడ అంటారు. ఇది మన దగ్గరే అనుకుంటే పొరపాటు. బెంగళూరుతో సహా 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. అందులో డిప్రెషన్ ఉన్న 1146 మందిలో 69 శాతం శరీర బాధలే చెప్పుకున్నారు. నేరుగా అడిగాక కూడా మనసులో బాధేమీ లేదన్నవాళ్లు 11 శాతమే. అడిగితే చెబుతారు, అడిగేవాళ్లే తక్కువ.

ఏం అడగాలో తెలియకపోతే పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో ఆసక్తి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయని అడుగుతుంది. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 'అవును' అన్న మనిషిని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

ఈ ప్రశ్నావళికి అందని చిక్కు బైపోలార్. ఒక దశలో దిగులు, మరో దశలో అదుపులేని హుషారు (ఉన్మాదం) వచ్చే జబ్బు అది. దిగులు దశలో ఉన్నప్పుడు అది మామూలు డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. కానీ డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉన్మాదం తలెత్తవచ్చు. అందుకే మందు రాసేముందు, ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకున్నా విపరీతమైన హుషారుగా, ఎడాపెడా ఖర్చు పెడుతూ గడిపారా అని డాక్టరు ఆరా తీస్తారు. ఆ రోజుల్ని రోగి జబ్బుగా గుర్తుంచుకోకపోవచ్చు. కాబట్టి వెంట వచ్చిన భార్యనో తల్లినో కూడా అదే ప్రశ్న అడుగుతారు.