ఆ జరం ఏ వయసుల వచ్చిందమ్మా?

మా పెద్దమ్మ కొడుకుకి ఇరవై ఆరేళ్లు, వాళ్లది సూర్యాపేట పక్కన ఊరు, వాడికి ఫిట్స్ మొదలై పన్నెండేళ్లైంది. ఫిట్స్ పుట్టే ముక్కని ఆపరేషన్ చేసి తీసేయొచ్చో లేదో తేల్చడానికి పోయిన చలికాలం ఇక్కడ హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో వీడియో ఈఈజీ కోసం, అంటే మెదడులో కరెంటు కదలికల్ని వీడియోతో పాటు రికార్డు చేసే పరీక్ష కోసం, అడ్మిట్ చేస్తే తోడుగా నేనే కూర్చున్నా. తల నిండా వైర్లు జిగురుతో అంటించి, పైన కట్టుగుడ్డ తలపాగాలాగా చుట్టేసి, రోజూ వేసుకునే మాత్రలు డాక్టర్లే తగ్గించేశారు, ఎందుకంటే ఫిట్స్ రావాలి, కెమెరా ముందే రావాలి. ఇన్నేళ్లూ రావొద్దని మొక్కని దేవుడు లేడు, ఇప్పుడేమో ఎప్పుడొస్తదా అని గోడ గడియారం చూసుకుంటూ కూర్చోవడం. నా పని ఒక్కటే, వస్తున్నట్టు అనిపించగానే బటన్ నొక్కడం. చేతిలో తాళాలగుత్తి పెట్టొద్దని పెద్దమ్మకి చెప్పడం మాత్రం బటన్ కంటే పెద్ద డ్యూటీ అయింది.

డాక్టర్ మొదట మందుల చీటీలు అడగలేదు. "చిన్నప్పుడు పెద్ద జ్వరం ఏమన్నా వచ్చిందామ్మా, ఏ వయసులో?" అనడిగాడు. "మూడేండ్లప్పుడొచ్చింది సారూ, మూడొద్దులు కండ్లు తెరవలే, వెన్నుల సూది పెట్టి నీళ్లు తీసిన్రు" అంది పెద్దమ్మ. ఆయన అది రాసుకున్న తీరు చూస్తే నాకర్థమైంది, ఈ కథంతా ఆ జ్వరం దగ్గరే ఉందని.

సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటారు. రెండే ఎందుకంటే, గ్లాస్గోలో అంతకుముందు మందులు వాడని 470 మందిని చూసి 2000లో వేసిన లెక్కలో మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, రెండోదానితో ఇంకో 13 శాతం, ఆ తర్వాత మూడోదైనా రెండు మందులు కలిపినా ఇంకో 4 శాతమే. మరి మావాడు ఆరో మందు మీద ఉన్నాడు! మందు మారుస్తూ మారుస్తూ ఇంటర్ పోయింది, ఒక ఉద్యోగం పోయింది.

మెదడువాపో, మెదడు చుట్టూ ఉండే పొరలు వాచే మెనింజైటిస్సో తగ్గాక జ్వరం పోతుంది గానీ మెదడులో మచ్చ మిగులుతుంది. మచ్చలో కరెంటు పుట్టదు, దాని అంచుల్లో దెబ్బతిని బతికిపోయిన కణాలున్నాయి చూడండి, అవి అదుపు లేకుండా మోగుతుంటాయి. కొందరికి వెంటనే, చాలామందికి ఏళ్ల తర్వాత. ఇక్కడే వయసు సంగతి. పసితనంలో, నాలుగైదేళ్లలోపు మెనింజైటిస్ వచ్చినవాళ్లలో దెబ్బ ఎక్కువగా హిప్పోకాంపస్‌కి తగులుతుంది, అంటే కణత వెనక లోపల సముద్రపు గుర్రంలా వంపు తిరిగి ఉండే జ్ఞాపకాల ముక్కకి. అది ఒకవైపే ముడుచుకుపోయి ఎమ్మారైలో కనిపిస్తే సర్జన్‌కి పని తెలిసిన దారే. అదే కాస్త పెద్దయ్యాక మెదడువాపు వస్తే దెబ్బ పైపొరల్లో నాలుగు చోట్లా చెదిరిపోయి ఉండొచ్చు, తీసేయడానికి ఒక ముక్కంటూ దొరకదు. అందుకే మెనింజైటిస్ వాళ్లకి సర్జరీ ఫలితాలు మెదడువాపు వాళ్ల కంటే మెరుగ్గా ఉంటాయి. మెదడువాపు తెచ్చే హెర్పిస్ వైరస్ కణత భాగాల్నే పట్టుకుంటుంది గానీ చాలాసార్లు రెండువైపులా పట్టుకుంటుంది, అదీ చిక్కు. పైగా ఆ వైరస్ కొన్ని కేసుల్లో ఆపరేషన్ తర్వాత మళ్లీ నిద్ర లేచింది కూడా, అందుకే డాక్టర్లు పాత జ్వరం కాగితాలు అంత గట్టిగా అడిగేది.

మన దేశంలో ఇంకో తిరకాసు, బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో వచ్చే గడ్డలు. పందిమాంసం ముట్టనివాళ్లకీ వస్తాయి, కడగని కూరగాయలూ చేతులూ చాలు. అవి ఎండిపోయి సున్నం చుక్కల్లా స్కానులో తెల్లగా మెరుస్తాయి. మెరిసిందని దాన్నే దొంగ అనుకుంటే పొరపాటు, కొందరిలో చుక్క ఒకచోట ఉంటే ఫిట్స్ పక్కనున్న హిప్పోకాంపస్‌లో పుడతాయి. కాబట్టి ఎమ్మారై ఒక చోటు, ఈఈజీ ఇంకో చోటు చూపిస్తే ఆగాల్సిందే, రెండూ ఒకటే చూపిస్తే సగం గెలిచినట్టే. స్కానులో ఏమీ కనపడకపోవడం, మాట్లాడే భాగానికి భయపడి మొత్తం తీయలేకపోవడం, ఏళ్లకేళ్లు ఆలస్యం, ఇవన్నీ ఫలితాన్ని కిందికి లాగేవే.

అన్ని కారణాలూ కలిపి చూసిన లెక్కలు చెప్తా. 2001లో కెనడాలో కణత మూర్ఛ ఉన్న 80 మందిని రెండు గుంపులు చేస్తే, ఏడాదికి సర్జరీ గుంపులో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ లేవు, మందుల గుంపులో 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల మీద చేసింది 2017లో అచ్చయింది, అక్కడ సర్జరీ గుంపులో 77 శాతం, మందుల గుంపులో 7. కాకపోతే కాలంతో కొంత జారుతుంది, లండన్‌లో సర్జరీ అయిన 615 మందిని వెంటబడి చూస్తే స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నది అయిదేళ్లకి 52 శాతం, పదేళ్లకి 47 శాతం. ఆపరేషన్ అంటే గ్యారంటీ కార్డు కాదన్నమాట.

మూడో రాత్రి వచ్చింది. "కడుపులోంచి ఏదో లేస్తుందన్నా" అన్నాడు, నేను బటన్ నొక్కేలోపే చూపు నిలిచిపోయింది, పెదాలు చప్పరిస్తూ కుడిచేత్తో దుప్పటి అంచు నలుపుతున్నాడు, ఎడమచెయ్యి మాత్రం కర్రలా బిగుసుకుంది. పొద్దున డాక్టర్ ఆ వీడియో మూడుసార్లు తిప్పి చూశాడు. కుడి కణతలో మొదలైతే ఇలాగే ఉంటుందట, ఈఈజీ అదే చెప్పింది, ఎమ్మారైలో ముడుచుకున్నదీ కుడి హిప్పోకాంపసే. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష, తెలుగులోనే, పదాల లిస్టు చదివి అరగంట తర్వాత మళ్లీ అడిగారు, ఆ ముక్క తీసేస్తే ఏం పోతుందో ముందే చూసుకోవాలి కదా.

ఆపరేషన్ డేటు ఇచ్చారు. శాతాలన్నీ విని పెద్దమ్మ అడిగింది ఒక్కటే. "గుండు మొత్తం చేస్తరా సారూ? యాదగిరిగుట్ట మొక్కున్నది, ఎంటికలు ఆడనే ఇయ్యాలె."

కోత పెట్టే చోట మాత్రమే తీస్తామన్నాడాయన, మిగతాది స్వామికే ఉంచుతామని.