రెప్పలో పేరుకున్న నెయ్యి

ఒక పాఠకురాలు అడిగారు: "మా బాబుకి పదేళ్ళు. పై రెప్పలో బఠాణీ గింజంత గడ్డ. నొప్పి లేదు. యాంటీబయాటిక్ చుక్కలు రెండు వారాలు వేశాం, తగ్గలేదు. ఎందుకు?"

తగ్గదు. ఆ చుక్కలు చంపేది సూక్ష్మజీవుల్ని, ఈ గడ్డలో అవి ఉండవు. ఎర్రగా ఉబ్బి సలిపేది, చీము పట్టేది కంటి కురుపు. ఇది దాని చుట్టం, కలేజియన్. గ్రీకులో చిన్న వడగల్లు అని అర్థం.

రెప్ప లోపలి గట్టి పలకలో సన్నటి నూనె గ్రంథులు నిలువుగా, పక్కపక్కనే ఉంటాయి. పై రెప్పలో పాతిక నుంచి నలభై దాకా, కింది రెప్పలో కాస్త తక్కువ. 1666లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ వర్ణించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులన్నారు. రెప్ప వాల్చినప్పుడల్లా వీటి నూనె కన్నీటి మీద పరుచుకుని, తడి ఆరిపోకుండా కాస్తుంది.

ఇక నెయ్యి సంగతి. పుష్యమాసంలో నేతి సీసా బోర్లించినా చుక్క రాలదు. ఎండాకాలంలో అదే సీసా వంచీ వంచగానే కారుతుంది. రెప్పలో కొవ్వూ అంతే. రెప్ప వేడి మామూలుగా 33, 34 డిగ్రీలు. మంచి కొవ్వు అంతకంటే కాస్త తక్కువలోనే కరుగుతుంది. గ్రంథి చెడితే కొవ్వు కూర్పు మారి, కరగడానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు కావాలి. అక్కడే వస్తుంది తంటా. మూతి దగ్గర పేరుకుంటుంది, వెనక ఊరుతూనే ఉంటుంది, చివరికి గోడ చిట్లి పక్కలకి కారుతుంది. సొంత కొవ్వే అయినా చోటు తప్పితే ఒంటికి పరాయిదే. రక్షక కణాలు చుట్టూ మూగి గూడు కడతాయి. అదే గడ్డ.

అందుకే కాపడం. మా అమ్మ పైటచెంగు ఉండచుట్టి, నోటితో ఊది కంటికి అద్దేది. ఆలోచన సరైనదే, కానీ ఊపిరి వేడి అరనిమిషం నిలవదు. చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ, చల్లారినప్పుడల్లా మళ్ళీ ముంచుతూ పది నిమిషాలు పెట్టాలి, రోజుకి రెండు మూడుసార్లు. ఆ తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి, వెంట్రుకల వైపు నిమరాలి. (కుక్క దొడ్డికి పోతుంటే చూస్తే కంటికురుపు వస్తుందని బళ్ళో భయపెట్టేవాళ్ళు. ఈ నెయ్యి సంగతి ఎవరైనా చెప్పి ఉండొచ్చుగా!)

నెలా రెండు నెలలు చేసినా కరగకపోతే చిన్న ఆపరేషన్. రెప్పకి మత్తు సూది వేసి, ఉంగరం లాంటి క్లాంప్‌తో పట్టి తిరగేసి, లోపలి వైపు నిలువుగా గాటు పెడతారు. అడ్డంగా కోస్తే పక్క గ్రంథులు కూడా తెగుతాయి మరి. బుల్లి గరిటెతో లోపలి జిగురంతా గీకేస్తారు. కుట్లుండవు, బయట మచ్చ ఉండదు. కదలకుండా ఉండలేని పిల్లలకి పూర్తి మత్తు ఇస్తారు. కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ సరిపోతుంది గానీ, మన చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ పడొచ్చు.

పెద్దవాళ్ళలో అదే చోట మళ్ళీ మళ్ళీ వచ్చినా, రెప్ప వెంట్రుకలు రాలుతున్నా, ముక్క బయాప్సీకి వెళ్ళి తీరాలి. నూనె గ్రంథి క్యాన్సర్ ఈ వేషంలోనే వస్తుంది. రెప్ప క్యాన్సర్లలో దాని వాటా పాశ్చాత్య దేశాల్లో కంటే మన దగ్గర ఎక్కువ. మీ బాబు వయసుకి ఆ టెన్షన్ అక్కర్లేదు. పదేళ్ళ పిల్లాణ్ణి పది నిమిషాలు కళ్ళు మూయించి కూర్చోబెట్టడమే అసలు కష్టం.