చర్చలా, ఒత్తిడా? 1769–84 మధ్య చిత్తూరు సీమ చూసింది

దండెత్తి వచ్చినవాడితో సంధి చేసుకోవాలా, వెనక్కి తగ్గేదాకా తరమాలా? ఎక్కడ యుద్ధం మొదలైనా ఈ వాదన లేస్తుంది. చిత్తూరు సీమ పదిహేనేళ్లలో రెండింటినీ చూసింది.

1769లో మైసూరు ఏలిక హైదర్ అలీ గుర్రపు దండుతో మద్రాసు పొలిమేర చేరాకే ఈస్టిండియా కంపెనీ సంధికి దిగొచ్చింది. ఒకరిపై దాడి జరిగితే రెండోవారు ఆదుకోవాలన్నది షరతు. తర్వాత మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ కదల్లేదు. మాట తప్పినవాణ్ణి నిలదీసే మూడో పక్షం లేదు మరి.

1779లో కంపెనీ మలబారు తీరంలోని ఫ్రెంచివాళ్ల మాహేను పట్టుకుంది. హైదర్‌కు ఫ్రెంచి ఆయుధాలు దిగే రేవు అది. మరుసటి జులైలో హైదర్ కనుమలు దిగి, చిత్తూరు కూడా ఉన్న ఆర్కాటు సీమలో పడ్డాడు. దురాక్రమణ ఎవరిదంటే కంపెనీ పక్షాన ఉన్న ఆర్కాటు నవాబు ఒకటి చెబుతాడు, మైసూరు ఇంకొకటి. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది.

1781లో కంపెనీ జనరల్ ఐర్ కూట్ పోర్టోనోవో, పొల్లిలూరు, షోళింగూరుల్లో వరసగా గెలిచాడు. అయినా హైదర్‌ను కనుమల పైకి తరమలేకపోయాడు. ఫిరంగులు లాగే ఎద్దులు చాలవు, బియ్యం నిల్వలు లేవు. హైదర్ రౌతులు ఊళ్లు కాల్చి గింజ, గడ్డి దొరక్కుండా చేశారు. గెలిచిన సైన్యమే తిండి కోసం దారి మళ్లాల్సి వచ్చేది. నవంబరులో చిత్తూరు కోట చిక్కినా ఆ కరువు తీరలేదు. ఒత్తిడి అంటే బియ్యపు బస్తాల లెక్క కూడా. ఈ సంగతి వాదించేవాళ్లు తరచూ మరిచిపోతారు.

1782 మేలో మరాఠాలతో కంపెనీ సాల్బాయి సంధి చేసుకుంది. పట్టుకున్న ఊళ్లను హైదర్ ఆరు నెలల్లో తిరిగివ్వాలని అందులో రాసుకున్నారు. చర్చల్లో హైదర్ మనిషే లేడు! ఆ షరతు కాగితం దాటలేదు.

డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో రాచపుండుతో హైదర్ చనిపోయాడు. కొడుకు టిప్పు మలబారు తీరాన ఉన్నాడు. మరణాన్ని దాచి, శవాన్ని ధనపు పెట్టెలా కోలారుకు పంపారు. కంపెనీ మద్రాసు సైన్యం మాత్రం కదలక ఆ అదను పోగొట్టుకుంది.

1783 చివర పాలఘాటు, కోయంబత్తూరు పట్టి మైసూరు రాజధాని శ్రీరంగపట్నానికి దారితీస్తున్న కంపెనీ కల్నల్ ఫుల్లర్టన్‌ను మద్రాసులోని కంపెనీ ప్రభుత్వమే ఆపేసింది. 1784 మార్చి 11న మంగళూరులో టిప్పుతో సంధి కుదిరింది: ఎవరి ఊళ్లు వాళ్లకు, ఖైదీల విడుదల. చేతిలోని ఒత్తిడిని ముందే వదిలేసి బేరానికి కూర్చుంటే దక్కేది ఇంతే.

తర్వాతి యుద్ధంలో టిప్పు ఓడాక 1792లో కంపెనీతో కుదిరిన సంధిలో మైసూరు సగం రాజ్యం పోయింది. 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారానికి టిప్పు కొడుకులిద్దరు తాకట్టు. ఈసారి షరతు చెల్లింది. పిల్లలు 1794లో తిరిగొచ్చారు. 1799లో మళ్లీ దండెత్తింది మాత్రం కంపెనీయే.