చిరునామా ఉన్న మాట

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మా రోజుల్లో ఉత్తరాలు ఈ మాటతోనే మొదలయ్యేవి. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమే అనుకుంటున్నాం, ఆ పైన చెప్పదలచుకున్నది ఇదీ అని దాని అర్థం. ముందు అవతలి మనిషి బాగోగులు, తర్వాతే మన సంగతులు. ఆ వరస నాకు ఇప్పటికీ ఇష్టం.

ఈ ఉత్తరం రైల్లో కూర్చుని రాస్తున్నాను. విజయవాడలో ఎక్కాను, సామర్లకోటలో దిగాలి. ఎదురు సీట్లో మీ వయసు అమ్మాయిలు ముగ్గురున్నారు. ఏలూరు దాటాక ఒకమ్మాయి కిటికీలోంచి వరి చేల ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. తాడేపల్లిగూడెం వచ్చేలోగా ఎవరెవరు చూశారో నాలుగుసార్లు తెరిచి చూసుకుంది. "40 మంది చూశారు, ఒక్కరూ ఏమీ అనలేదు" అని పక్కనున్న అమ్మాయితో అంది. గొంతులో బాధ ఉంది. ఆ మాట విన్నాకే కాగితం తీశాను.

నేను 30 ఏళ్లకు పైగా రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా పనిచేశాను. ఆర్.ఎం.ఎస్. అనేవాళ్లం. అదేమిటో మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. రాత్రి రైళ్లకు ఒక టపా పెట్టె, అంటే ఉత్తరాల బోగీ, ఉండేది. అందులో గోడ పొడవునా చెక్క గళ్లు. ఒక్కో గడికి ఒక్కో ఊరు. బండి పరుగెడుతుంటే మేం ఒక చేత్తో ఉత్తరాల కట్ట పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో ఉత్తరాన్ని దాని గడిలో వేసేవాళ్లం. తుని వచ్చేలోగా తుని సంచి కట్టి, లక్క ముద్ర వేసి సిద్ధంగా ఉంచాలి. బండి ఆగేది రెండు మూడు నిమిషాలే. ప్లాట్‌ఫారం మీద జనం పరుగెత్తుకుంటూ వచ్చి, లేట్ ఫీ తపాలా బిళ్ల అదనంగా అంటించిన ఉత్తరాన్ని మా పెట్టెకున్న సందులో పడేసేవారు. ఒక్కోసారి బండి కదిలాక కూడా వెంట పరుగెత్తేవారు. ప్రయాణంలో ఉంటూ మాట అందించడమంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. కవరు మీద పేరు లేకపోతే లోపల ఎంత మంచి మాట ఉన్నా అది ఎవరికీ చేరదు. చిరునామా లేని ఉత్తరాలకు, తిప్పి పంపడానికి కూడా ఆనవాలు దొరకని వాటికి ఒక ఆఫీసు ఉండేది. దాన్ని మొదట డెడ్ లెటర్ ఆఫీసు అనేవారు, తర్వాత పేరు మార్చారు. అక్కడికి పోయే కట్టను చూస్తే నాకు ఎప్పుడూ మనసు బరువెక్కేది. ఆ 40 మంది చూసిన ఫోటో కూడా అలాంటి ఉత్తరమే. అది ఎవరి కోసం తీశారో చూసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. అందుకే ఎవరూ జవాబు రాయలేదు, అంతేగాని ఆ అమ్మాయి మీద ఎవరికీ ప్రేమ లేక కాదు.

వాట్సాప్ పుట్టిన తీరు కూడా ఇదే చెబుతుంది. దాన్ని 2009లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు జాన్ కూమ్. ఉక్రెయిన్‌లో పుట్టి, 16 ఏళ్ల వయసులో తల్లితో అమెరికా చేరినవాడు. మొదట్లో వాట్సాప్‌లో ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు. పేరు పక్కన చిన్న స్టేటస్ మాత్రమే ఉండేది. పనిలో ఉన్నాను, ఇప్పుడు ఫోను చేయవద్దు అని పెట్టుకోవడానికన్నమాట. అదే ఏడాది ఆపిల్ సంస్థ ఫోన్లలో ఎవరైనా స్టేటస్ మార్చితే మిగతావారికి వెంటనే తెలిసే ఏర్పాటు వచ్చింది. దాంతో ఆయన స్నేహితులు ఒకరి స్టేటస్‌కు ఒకరు జవాబుగా తమ స్టేటస్ మార్చుకోవడం మొదలుపెట్టారు. అది చూశాకే దాన్ని మనిషికీ మనిషికీ మధ్య మాటలు మోసే సాధనంగా మలిచారు. చూడండి, స్టేటస్ పెట్టుకోవడానికి చేసిన వస్తువును జనమే పట్టుబట్టి ఉత్తరంగా మార్చుకున్నారు. మనిషికి కావలసింది జవాబు.

అందుకని ప్రయాణంలో ఉన్నప్పుడు ఇలా చేసి చూడండి. ఆ వరి చేల ఫోటోనే అందరికీ పెట్టే ముందు ఒక్కరికి పంపండి. కింద ఒక్క వాక్యం రాయండి: "నువ్వు చెప్పిన మీ తాతగారి పొలం ఇలాగే ఉంటుందా?" ఇక ఆ ఫోటోకు చిరునామా ఉంది. జవాబు వస్తుంది. స్టేటస్ పెట్టవద్దని నేను అనను. పండగకు అందరికీ శుభాకాంక్షలు చెప్పడానికి, బస్సు ఆలస్యమైందని ఊళ్లో నలుగురికీ ఒకేసారి తెలియజేయడానికి అది బాగా పనికొస్తుంది. స్నేహం మాత్రం పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది.

మీరు చాలా మథనపడే సంగతి ఒకటుంది, టిక్కులు. దీన్ని టపా మనిషిగా వివరిస్తాను. మెసేజ్ పక్కన గడియారం బొమ్మ ఉంటే ఉత్తరం ఇంకా మీ జేబులోనే ఉన్నట్టు. ఒక టిక్కు పడితే మా సంచిలోకి వచ్చినట్టు, అంటే సర్వరుకు చేరింది. రెండు టిక్కులంటే పోస్ట్‌మ్యాన్ ఇంటి గుమ్మంలో వేసి వెళ్లాడు. 2014 నవంబరులో వచ్చిన నీలి టిక్కులంటే కవరు విప్పారన్నమాట. కవరు విప్పిన మనిషి ఆ క్షణంలో వంట చేస్తుండవచ్చు, బస్సు దిగుతుండవచ్చు, ఏం రాయాలో తోచక ఆలోచిస్తుండవచ్చు. మేం "మరుటపాలో జవాబు రాయగలరు" అని రాసి, వారం పది రోజులు హాయిగా ఎదురుచూసేవాళ్లం. నీలి టిక్కు పడిన పది నిమిషాలకే స్నేహం చెడిందని లెక్క కట్టకండి. అవతలివాడు స్కూటరు మీద ఉన్నాడని తెలిస్తే అసలు ఫోను చేయకండి, వెంట వెంట మెసేజులు పెట్టకండి. వాడు క్షేమంగా చేరడం కన్నా మీ మాట పెద్దది కాదు.

దారిలో సిగ్నల్ పోతుంది. పోనివ్వండి. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు కొత్తవలస - కిరండూల్ మార్గంలో వెళుతుంది, ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. నల్లమలలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదా ఫోను మూగబోయే చోట్లున్నాయి. అలాంటి చోట ఫోను టవరును వెతుక్కుంటూ బ్యాటరీ ఖర్చు చేస్తుంది. ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి కొండను చూడండి. అప్పటికే రాసిన మెసేజ్ ఎక్కడికీ పోదు. మీ ఫోనులో ఉన్నది సిగ్నల్ దొరకగానే బయలుదేరుతుంది. అవతలివారి ఫోను ఆపి ఉంటే సర్వరు దాన్ని 30 రోజుల వరకూ దాచి ఉంచుతుంది. వరదకు రైలు మార్గం తెగినప్పుడు మేం సంచులను భద్రపరిచినట్టే. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోటో మానేసి రెండు వాక్యాలు రాయండి, అవి తేలిగ్గా వెళ్లిపోతాయి. ఇంటర్నెట్ లేకపోతే మామూలు ఎస్సెమ్మెస్ ఉండనే ఉంది.

మేం కార్డులు చదవకూడదు, అది నియమం. అయినా అప్పటి 15 పైసల కార్డు తెరిచే ఉండేది కదా, గడి వెతికేటప్పుడు కన్ను పడేది. ఎక్కువగా కనబడిన వాక్యం ఏమిటో తెలుసా? "నేను క్షేమంగా చేరాను." కూతురు అత్తవారింటికి చేరింది, కొడుకు హాస్టలుకు చేరాడు. ఆ కార్డు అందేదాకా ఇంట్లోవాళ్లు నాలుగైదు రోజులు ఉగ్గబట్టుకుని ఉండేవారు. ఇప్పుడు లైవ్ లొకేషన్ ఉంది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు, చేరగానే ఆపేయవచ్చు. రాత్రి ప్రయాణం చేసేటప్పుడు ఇంట్లో ఒకరికి, స్నేహితుల్లో ఒకరికి పెట్టండి. మిమ్మల్ని కాపలా కాస్తున్నారని అనుకోకండి. ఆ రాత్రి మీ అమ్మకు నిద్ర పడుతుంది. అయితే ఎక్కడున్నారో, ఇంటికి తాళం వేసి ఎన్నాళ్లు వెళుతున్నారో లోకమంతటికీ ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పకండి. ఆ ఫోటోలు తిరిగి వచ్చాక పెట్టినా అందం తగ్గదు. 2016 నుంచి వాట్సాప్ సందేశాలకు మా లక్క ముద్ర లాంటి రక్షణ ఉంది. పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో మరెవరూ విప్పలేరు. అందరికీ కనిపించేలా పెట్టిన పోస్టుకు ఆ ముద్ర ఉండదు, అది కార్డే.

ఇక ఫార్వర్డులు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు ఫోన్ల ద్వారా పాకి, మన దేశంలో ఏ పాపమూ ఎరుగని దారినపోయేవాళ్లను జనం కొట్టి చంపారు. ఆ తర్వాతే ఒక సందేశాన్ని ఒకసారికి 5 చాట్లకు మించి పంపకుండా మన దేశంలో హద్దు పెట్టారు. కొత్త ఊరికి వెళుతున్న ప్రయాణికుడు అక్కడ అపరిచితుడే. మీరూ, నేనూ అంతే. తెలియని మాటను ముందుకు తోసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

నేను సామర్లకోట ఎందుకు వెళుతున్నానో చెప్పలేదు. టపా పెట్టెలో నా పక్క గళ్ల దగ్గర నిలబడి 11 ఏళ్లు పనిచేసిన స్నేహితుడు అక్కడున్నాడు. మా రిటైరైన వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ పొద్దున్నే పూల బొమ్మలు, దేవుడి బొమ్మలు వస్తాయి. వాడు అందులో ఎప్పుడూ ఒక్క మాట రాయలేదు. పట్టించుకోవడం లేదని మేమంతా అనుకున్నాం. పక్షవాతం వచ్చి వాడి కుడి చెయ్యి పడిపోయిందని రెండేళ్ల దాకా మాకు తెలియనే లేదు. రాయలేడు, మాట్లాడగలడు. గ్రూపులో వాణ్ని పేరు పెట్టి పలకరించినవాళ్లు లేరు. నేనూ పలకరించలేదు, అది ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది.

కిందటి ఏడాది గోదావరి మీదుగా వెళుతూ ఫోనును కిటికీ దగ్గర పట్టుకుని, వంతెన మీద బండి చప్పుడును వాయిస్ మెసేజ్‌గా వాడికొక్కడికే పంపాను. చివర్లో "ఒరేయ్, ఇది విను" అన్నాను, అంతే. రాజమండ్రి ప్లాట్‌ఫారం చేరేలోగా జవాబు వచ్చింది. మాట కాస్త తడబడుతోంది. "ఇది మన పాత వంతెన చప్పుడు కాదురా" అన్నాడు. నిజమే. మేం ఉత్తరాలు వేరు చేస్తూ దాటినది 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన. ఇనుప గడ్డర్ల మీద బండి వెళుతుంటే పక్కవాడి మాట వినిపించేది కాదు. 1997 నుంచి దాని మీద రైళ్లు నడవడం లేదు. తర్వాత వాడు ఏడు నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. ఆ వంతెన మీద ఒక రాత్రి దీపం ఆరిపోతే అగ్గిపుల్లల వెలుగులో మేం నిడదవోలు సంచి కట్టిన సంగతి నేను మరిచిపోయాను, వాడు మరిచిపోలేదు.

అప్పటినుంచి ఏ దారిలో వెళ్లినా దారిలో విన్నది వాడికి పంపుతున్నాను. తునిలో తాండ్ర అమ్మే కేక, అన్నవరం కొండ మీద గంట, విజయవాడ ప్లాట్‌ఫారం మీద టీ అబ్బాయి అరుపు. వాడు ప్రతిదానికీ జవాబిస్తాడు. ఇవాళ విజయవాడలో బండి ఎక్కగానే వాడి కొడుక్కి 8 గంటల లొకేషన్ పెట్టాను. స్టేషనుకు వస్తానన్నాడు.

కొవ్వూరు వచ్చింది. ఎదురుగా ఉన్న అమ్మాయి ఫోనులో ఏదో పొడుగ్గా రాసుకుంటోంది, ఎవరికో మరి. నేను కిటికీ అద్దం ఎత్తాలి. వంతెన మొదలవుతోంది, వాడు ఎదురుచూస్తుంటాడు.

ఇట్లు,
మీ తాతయ్య