ప్యాడ్ పట్టే చెయ్యే ప్రత్యర్థి

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా సాయంత్రం బాక్సింగ్ నేర్పే చోటుకు వెళ్తే కోచ్ చేతికి తొడుక్కుని పంచ్‌లు కొట్టించే ఫోకస్ ప్యాడ్ల మోతే ముందు వినిపిస్తుంది. ఫోన్‌లో చూసిన కాంబినేషన్లను, అంటే వరుస పంచ్‌లను, పిల్లలు టపటపా కొట్టేస్తారు. అదే పిల్లలు ఎదురెదురుగా నిలబడి సాధన చేసే స్పారింగ్‌కు దిగితే, రెండో పంచ్‌కే ముఖాన్ని కాచే చేతులు, అంటే గార్డ్, జారిపోతాయి. లోపం పిల్లల్లో లేదు, ప్యాడ్ పట్టే పద్ధతిలో ఉంది.

1740లలో లండన్‌లో బాక్సర్ జాక్ బ్రౌటన్ తన దగ్గర నేర్చుకునేవాళ్ల చేతులకు గ్లవ్స్ లాంటి మెత్తని ‘మఫ్లర్లు’ తొడిగించాడు. పందేలు మాత్రం అప్పటికి ఉత్త పిడికిళ్లతోనే. 1867 నాటి క్వీన్స్‌బరీ బాక్సింగ్ నిబంధనలు పోటీల్లోకి కూడా గ్లవ్స్ తెచ్చాయి. 3 నిమిషాల రౌండ్, 1 నిమిషం విరామం అప్పుడు పెట్టిన లెక్కే. ప్యాడ్ల మీద నేటికీ అదే నడుస్తోంది.

వేలాడదీసిన పంచింగ్ బ్యాగ్‌ను ఎంత కొట్టినా తిరిగి కొట్టదు. స్పారింగ్ రోజూ చేస్తే ఒళ్లు తట్టుకోదు. ఈ రెంటి మధ్య ఉన్న వెలితిని కోచ్‌లు తమ అరచేతులతోనే పూడ్చారు. ఆ అరచేతికి తోలు, ఫోమ్ తొడిగితే అదే ఫోకస్ ప్యాడ్. దాని వెనుక ఒక్కరి పేరే చెప్పడానికి లేదు. బాక్సింగ్ బయట, యుద్ధకళల వాళ్లలో దీనికి పేరు తెచ్చినవాళ్లలో బ్రూస్ లీ ముఖ్యుడు. కిక్‌ల కోసం ముంజేతికి కట్టుకునే థాయ్ ప్యాడ్ వేరే సామాను.

న్యూయార్క్ కోచ్ కస్ డమాటో పంచ్‌లకు అంకెలు పెట్టాడు. అంకె వినపడగానే చెయ్యి కదలాలి. హెవీవెయిట్ చాంపియన్ మైక్ టైసన్ అలా తయారైనవాడే. తర్వాత కోచ్ రోజర్ మేవెదర్, అతని దగ్గర సాధన చేసిన చాంపియన్ ఫ్లాయిడ్ మేవెదర్‌లు ప్యాడ్ల మీద చూపిన తాళం లాంటి వేగం వీడియోల్లో పాకింది. మన పిల్లలు చూస్తున్నది ఇదే. కానీ చిన్నప్పటి నుంచీ చేసిన సాధన మీద ఫ్లాయిడ్ వేసిన స్లాబ్ అది. మనవాళ్లు గోడలు లేకుండా స్లాబ్ పోయబోతున్నారు.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆడపిల్లల్ని నమ్మి పంపే తల్లిదండ్రులకు సరైన శిక్షణ బాకీ ఉన్నాం.

ప్యాడ్ ఎదుటివాడి తల. కాబట్టి పట్టేవాళ్లు దాన్ని కొట్టేవాళ్ల గడ్డం ఎత్తులో, భుజాల వెడల్పు దాటకుండా పట్టాలి. పక్కలకు విప్పితే జాబ్ (ముందు చేతి నేరు పంచ్), క్రాస్ (వెనక చేతి నేరు పంచ్) గాలిలోకి పోవడం అలవాటవుతుంది. పక్క నుంచి వచ్చే హుక్‌కు ప్యాడ్ ముఖం లోపలికి, కింద నుంచి పైకి వచ్చే అప్పర్‌కట్‌కు కిందికి తిప్పాలి. మోచెయ్యి కాస్త వంచి, పంచ్‌కు రెండు మూడు అంగుళాలే ఎదురెళ్లాలి. ప్యాడ్‌ను అడుగు దూరం ముందుకు విసిరి చప్పుడు పెంచితే ఇద్దరి భుజాలూ పాడవుతాయి, కొట్టేవాళ్లకు దూరం అంచనా కూడా పోతుంది. జాబ్, క్రాస్‌లలో చెయ్యి దాదాపు పూర్తిగా చాచినప్పుడే పిడికిలి ప్యాడ్‌ను తాకాలి.

అన్నిటికన్నా ముఖ్యం: కాంబినేషన్ అయిన వెంటనే ప్యాడ్‌తో కొట్టేవాళ్ల చెంప వైపు మెల్లగా ఒక దెబ్బ విసరాలి. చెయ్యి గడ్డం దగ్గరికి తిరిగి రాకపోతే అక్కడే దొరికిపోతారు. వరుస ముందే చెప్పకండి. ఒకసారి రెండు పంచ్‌లు, ఒకసారి నాలుగు, ఒకసారి ఒక్క జాబ్ అడిగి వెనక్కి జరగండి.

మన ఎండాకాలంలో చెమట ఫోమ్‌లోకి దిగుతుంది. ప్యాడ్‌ను తుడిచి నీడలో గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. బొటనవేలితో నొక్కితే లోపలి అరచెయ్యి తగిలేంతగా ఫోమ్ అణిగిపోతే ఆ ప్యాడ్ పక్కన పెట్టండి, ముందు నొప్పి పట్టేది పట్టుకున్నవాళ్ల మణికట్టే.