పాముని పట్టాక ఎక్కడ వదలాలి?

కోవూరు వైపు వరికోతలప్పుడు గడ్డివాము దగ్గర రక్తపింజరి కనబడితే, ఈ మధ్య చాలామంది కర్ర తీయకుండా పాములు పట్టేవాళ్లకి ఫోన్ చేస్తున్నారు. మంచిదే. చిక్కంతా ఆ తర్వాతే. దాన్ని డబ్బాలో వేసుకెళ్లి ఎక్కడో దూరంగా ఉన్న ఉదయగిరి కొండల్లో వదిలేసి, ప్రాణం కాపాడామనుకుంటాం. నాకైతే ఆ నమ్మకం పోయింది. నెలల తరబడి పాముల వెనక తిరిగినవాళ్ల లెక్కలు చూశాక పోయింది.

ఎటు తిరుగుతోందో తెలియడానికి పులికైతే మెడకి రేడియో కాలర్ కడతారు, పాముకి ఎక్కడ కడతాం? పైన అతికించినా కుబుసంతో పాటు ఊడిపోతుంది. అందుకే మత్తిచ్చి, పొలుసుల మధ్య చిన్న కోత పెట్టి, రేడియో సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్‌ని పొట్టలో పెట్టి, సన్నటి యాంటెన్నా తీగని చర్మం కిందికి పోనిచ్చి కుట్టేస్తారు. 1982లో రైనర్ట్, కుండల్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని గాడిలో పెట్టారు. పరికరం బరువు పాము బరువులో 5 శాతం దాటకుండా చూసుకుంటారు.

ఇక మిగిలింది నడకే. పాతకాలం డాబాల మీది టీవీ యాంటెన్నా లాంటిది చేత్తో తిప్పుతూ, బీప్ ఎటు గట్టిగా వినబడితే అటు పోవాలి. జీపీఎస్ పెట్టొచ్చుగా అంటారేమో, పాము ఒంట్లో, పైగా ఎలుక బొరియలో ఉన్న పరికరానికి ఉపగ్రహం సిగ్నల్ సరిగ్గా అందదు. దొరికిన చోటల్లా మ్యాపులో చుక్క పెట్టి, అంచు చుక్కల్ని గీతతో కలిపితే అదే దాని సంచార పరిధి. తిండి తిన్న పాము రోజుల తరబడి ఒకే చోట పడుంటుంది, జతకట్టే కాలంలో మగవి బాగా తిరుగుతాయి, మొత్తానికి తెలిసిన బొరియలకీ పొదలకీ మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

అలాంటిదాన్ని తెలియని చోట పడేస్తే? అమెరికాలో రాటిల్ పాముల్ని, అంటే తోకతో గలగలమనే విషసర్పాల్ని, కొత్త అడవికి మార్చి చూశారు. 1999లో అచ్చయిన ఆ అధ్యయనంలో తరలించిన 11 పాముల్లో 6 చచ్చిపోయాయి, అక్కడే ఉంటున్న 18లో చచ్చినవి 2. ఫ్లోరిడాలో 21 నుంచి 36 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లిన కొండచిలువలైతే, చాలావరకు పట్టిన చోటి దరిదాపులకే తిరిగొచ్చాయి. మన ఊళ్లో అయితే పగపట్టి వచ్చిందనేవాళ్లం.

రక్తపింజరిని ఇంటి వెనకే వదలమంటే నేనూ ఒప్పుకోను. కానీ పొలంలో దొరికినదాన్ని, మనుషులు మసలని దగ్గరి పొదల్లో వదిలినా చాలు, కొండలదాకా మోయక్కర్లేదు. ఎలాగూ గడ్డివాము కింద ఎలుకలున్నన్నాళ్లు ఇంకో పాము వస్తుంది. వాముని ఇంటికి దూరంగా వేయండి, బొరియలు పూడ్చండి, కోతకి దిగేటప్పుడు బూట్లు వేసుకోండి.