గట్టిగా చేస్తేనే ప్రార్థనా? సంఘంలో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

కోనసీమలో సంఘ కాపరిగా ఉన్నవాడు ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న. "అయ్యగారండీ, నాకు పైకి ప్రార్థన చేయడం రాదండి. మనసులో అనుకుంటానండి. అది లెక్కలోకి వస్తుందంటారా?" ఫోన్లలో తిరిగే వీడియోలు ఈ టెన్షన్‌ని ఇంకాస్త పెంచాయి.

అపోహ: బిగ్గరగా చేస్తేనే ప్రార్థనకు బలం. మనసులో చేసుకునేది అవిశ్వాసం.

వాస్తవం: ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ బైబిల్లో మాత్రం పుట్టలేదు. షిలోహు మందిరంలో బిడ్డ కోసం ప్రార్థిస్తుంటే హన్నా పెదవులు కదిలాయే తప్ప గొంతు వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. దేవుడు మాత్రం సమూయేలునిచ్చాడు. పర్షియా రాజు అర్తహషస్త కొలువులో పనిచేసే నెహెమ్యా అయితే, ఏం కావాలని రాజు అడగడానికీ, తను జవాబు చెప్పడానికీ మధ్యలో ప్రార్థన చేసుకున్నాడు. రాజు ముందు నిలబడి కేకలేసి ఉంటాడా? కర్మెలు కొండ మీద మధ్యాహ్నం దాకా అరిచింది బయలు అనే దేవుణ్ని కొలిచే ప్రవక్తలు. మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ఇంకా గట్టిగా అరవండని ప్రవక్త ఏలీయా వాళ్లను ఎగతాళి చేశాడు.

గట్టిగా చేసేది తప్పని నేననను. జనం ఊరుకోమన్నకొద్దీ గుడ్డివాడైన బర్తిమయి ఇంకా గట్టిగా అరిచాడు, యేసు ఆగాడు. కూడికలో అయితే గొంతెత్తాల్సిందే. పక్కవాడికి అర్థం కాకపోతే ఆమేన్ ఎలా అంటాడని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో అడిగాడు. అంటే గొంతు కావాల్సింది మనకూ, పక్కవాళ్లకూ. దేవుడికి చెవుడు లేదు.

ఈ అపోహకు ఎక్కువ నష్టపోయేది మాట పడిపోయినవాళ్లు. ఒక లంక గ్రామంలో కొబ్బరి దింపు పనికి వెళ్లే ఒకాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాటా పోయింది. స్వస్థత కూటాలు పెట్టే ఎవరో వచ్చి, "నోరు తెరిచి హల్లెలూయ అను, అప్పుడే విడుదల" అని చాలాసేపు ఆయన చేత అనిపించబోయారట. రాలేదు. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకున్న మనిషి అన్నం ముట్టలేదు. నేను గోదావరి దాటించే పంటు దిగి వెళ్లేసరికి భార్య గుమ్మంలోనే అడిగింది: "విశ్వాసం లేకే మాట రావట్లేదంటారా అయ్యగారండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. విశ్వాసం పోయి కాదమ్మా, మెదడులో మాటకు సంబంధించిన భాగం దెబ్బతిందన్నాను. చాలామందికి అది ఎడమవైపు ఉంటుంది, అందుకే కుడిచెయ్యి, కుడికాలుతో పాటు మాట కూడా పోతుంటుంది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, "మీరు మనసులో చేసుకోండి, నేను పక్కనే ఉంటాను" అని ఊరుకున్నాను. కాసేపయ్యాక నెమ్మదిగా పరలోక ప్రార్థన మొదలుపెడితే, అనుదినాహారము దగ్గర ఆయన పెదవులు నాతో పాటు కదిలాయి. చివర ఆమేన్ కొంచెం పైకే వినబడింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీన్ని అద్భుతమని పాంప్లెట్ వేయించుకోనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి కంఠస్థమైన ప్రార్థనలు, పాటలు ఇలా మాట పోయినవాళ్లలో కొందరికి వస్తూనే ఉంటాయి. ఇంట్లో ఇలాంటివాళ్లుంటే స్పీచ్ థెరపీకి తీసుకెళ్లండి. బీపీ మాత్రలు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే ముందు వాళ్లను గుమ్మం దాటించండి.

కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడపడుచులదీ ఇదే బెంగ. అక్కడ గొంతు విప్పే వీలుండదు. గిన్నెలు తోముతూ మనసులో చేసుకున్నది పనికొస్తుందా అని వాట్సాప్‌లో ఏడుస్తారు. పనికొస్తుంది తల్లీ. రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్నది యేసే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మనసులో చేస్తే సాతానుకు వినబడదు, సేఫ్ అంటారు కొందరు. వాడికి భయపడి గొంతు తగ్గించుకోవడమేంటి? యేసు అరణ్యంలో వాడికి ఎదురుగానే జవాబు చెప్పాడు. మౌనం మన పద్ధతి కాదనేవాళ్లు నర్సాపురం వైపు బ్రదరన్ సంఘాల్లో రొట్టె విరిచే కూడికకు, అంటే ప్రభు సంస్కారానికి, ఒకసారి వెళ్లి కూర్చోండి. 1836లో మన దేశానికి వచ్చి ఈ డెల్టాలో సువార్త మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దంపతుల కాలం నాటి సంఘాలవి. ఎవరో ఒక సహోదరుడు లేచి ప్రార్థించేదాకా అందరూ నిశ్శబ్దంగానే ఉంటారు. పుస్తకం చూసి చదివేది ప్రార్థన కాదంటే మరి కీర్తనల గ్రంథాన్ని ఏం చేద్దాం?

మనసులో చేస్తుంటే ఆలోచన రొయ్యల చెరువు మీదికో, చీటీ డబ్బుల మీదికో పోతుందనేది మాత్రం నిజమే. అప్పుడు పెదవులు కదుపుతూ చేయండి, లేదా ఒక కీర్తన వచనం పట్టుకోండి. చీటీయే గుర్తొస్తే చీటీ గురించే దేవుడికి చెప్పుకోండి.

సంఘ పెద్దలకో మాట. బయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థనకు మైకెందుకండీ? వచ్చేది ఆరేడుగురం, అందరం ముందు చాప మీదే కూర్చుంటాం.